ఉక్కు ఊపిరితిత్తి - స్వతంత్రజీవనము

విద్యార్థులారా! మనము వ్యాకరణపాఠములో కారకములను గూర్చి నేర్చుకొందుము. “రాముడు కత్తితో పండును కోసెను” అను వాక్యములో కోయుట యను పనిని చేసినవాడు రాముడు, అతడు కర్త. కోయబడినది పండు, అది కర్మ. ఆ పనికి సాధనమైనది కత్తి, అది కరణము. కత్తి లేనిదే పండు తెగకపోవచ్చును. అయినను ఆ పని కత్తిది యని మన మెవ్వరమును చెప్పము. సాధన మెంత ముఖ్యమైనను కర్తృత్వము రామునియందే యుండును. సంస్కృతమునకు వ్యాకరణము రచించిన పాణిని, క్రియయందు స్వతంత్రుడుగా నుండువానినే కర్త యని నిర్ణయించెను.

ఈ చిన్న వ్యాకరణవిషయము జీవితములో నెంత పెద్ద విషయమో ఈ వ్యాసములో చూపదలచితిమి. ఊపిరి తీయుటకు సైతము యంత్రముపై నాధారపడిన మనుష్యుడు తన యింటిలో, తన యిష్టము ననుసరించి, తన బ్రదుకునకు తానే కర్తయై జీవింపగలడా? ఈ ప్రశ్నకు అమెరికాదేశమున ఇరువురు తమ జీవితములతోడనే సమాధానము చెప్పిరి. మొదట యంత్రమును గూర్చియు, పిమ్మట వారిని గూర్చియు, తుదకు మన యిండ్లను గూర్చియు ముచ్చటింతము.

ఊపిరి యాడు విధము

ఊపిరితిత్తి యను మాటలో రెండు పదములు కలవు: ఊపిరి, తిత్తి. తిత్తి యనగా తోలుసంచి. కమ్మరి కొలిమియొద్ద నిప్పు రాజేయుటకు వాడు సంచిని కొలిమితిత్తి యందురు. కమ్మరి దానిని పైకెత్తినప్పుడు లోన చోటు హెచ్చి, వెలుపలి గాలి దానంతట నదియే లోనికి వచ్చును. అదిమినప్పుడు ఆ గాలి కొలిమిలోనికి పోవును. మన ఊపిరితిత్తులును ఇట్టివే. అవి తమంతట తాము విప్పారవు. రొమ్మునకును కడుపునకును నడుమ ఉదరవితానమను గొడుగువంటి కండరము కలదు. అది క్రిందికి దిగును. ప్రక్కటెముకల నడుమనున్న కండరములు ఆ యెముకలను పైకెత్తును. అప్పుడు రొమ్ము విశాలమై గాలి లోనికి వచ్చును. కండరములు సడలగానే గాలి వెలుపలికి పోవును. విశ్రాంతిగా నున్న పెద్దవారికి నిమిషమునకు 12 మొదలు 20 పర్యాయము లిట్లు జరుగును. మనము నిద్రించుచున్నను మెదడు ఈ కండరములకు నరముల ద్వారా ఆజ్ఞ లంపుచునే యుండును.

పోలియో వ్యాధిని కలిగించు సూక్ష్మజీవి కొందరియందు వెన్నుపాములోని నాడీకణములను చెరచును. కాళ్లకు ఆజ్ఞ అందనిచో కాళ్లు చచ్చుపడును. శ్వాసకండరములకు ఆజ్ఞ అందనిచో ఊపిరి నిలిచిపోవును. అట్టివారి ఊపిరితిత్తులు చెడిపోలేదు. తిత్తి బాగుగనే యున్నది. దాని నెత్తి దింపు కమ్మరి చేయి మాత్రము పడిపోయినది.

ఆ చేయి చేయవలసిన పనిని చేయుటకే 1928వ సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఫిలిప్ డ్రింకర్, లూయీ అగాసీ షా అనువారు ఒక యంత్రమును నిర్మించిరి. ఆ సంవత్సరమే బోస్టను నగరమందలి బాలల ఆసుపత్రిలో ఎనిమిదేండ్ల బాలికకు దానిని మొదటిసారి యుపయోగించిరి. లోకులు దానికి ఐరన్ లంగ్, అనగా ఉక్కు ఊపిరితిత్తి, యని పేరిడిరి. 1931లో జాన్ హేవెన్ ఎమర్సన్ అను నాతడు దానినే మరింత సులువుగను చౌకగను తయారుచేసెను.

అది మనుష్యుడు పట్టునంత పొడవైన లోహపు పీపా. రోగి దేహమంతయు దానిలోపల నుండును; తల మాత్రము వెలుపల నుండును. మెడచుట్టు గాలి చొరకుండ రబ్బరుపట్టీ బిగింపబడి యుండును. విద్యుత్తుతో నడచు తిత్తి యొకటి పీపాలోని గాలిని లాగివేయగా లోపల ఒత్తిడి తగ్గి రొమ్ము విప్పారును. ముక్కునుండి గాలి లోనికి వచ్చును. ఒత్తిడి తిరిగి పెరుగగా రొమ్ము అణగి గాలి వెలుపలికి పోవును. విద్యుత్తు పోయినప్పుడు చేతితో కదల్చుటకు పిడియు నుండెడిది. చూచితిరా! అనాదిగా కమ్మరి యెరిగిన సూత్రమే ఆసుపత్రిలో ప్రాణదాత యైనది.

పాల్ అలెగ్జాండరు

పాల్ అలెగ్జాండరు 1946వ సంవత్సరమున జన్మించెను. టెక్సస్ రాష్ట్రమందలి డల్లాసు నగరము అతని నివాసస్థలము. 1952లో అమెరికాలో సుమారు 58,000 మందికి పోలియో సోకెను. ఆ దేశమున అంతటి ఉపద్రవము అంతకుముందును లేదు, అటుపిమ్మటను లేదు. ఆ యేటనే ఆరేండ్ల పాల్‌కు జ్వరము వచ్చి, కొలది దినములలోనే కాలు సేతులు కదలక, మ్రింగుటకును ఊపిరి తీయుటకును శక్తి లేకపోయెను. వైద్యులు అతనిని ఉక్కు ఊపిరితిత్తిలో నుంచిరి. ఈ పోలియోకు సాల్కు మహాశయుని టీకా ప్రయోజనకరమని ప్రకటింపబడినది 1955లో; అనగా మూడేండ్ల పిమ్మట.

పాల్ సుమారు ఒకటిన్నర సంవత్సరము ఆసుపత్రిలో నుండెను. అతడు బ్రదుకునని వైద్యులకు ఆశ లేకుండెను. అయినను తలిదండ్రులు అతనిని ఇంటికి తీసికొనిపోవ నిశ్చయించిరి. విద్యుత్తును పుట్టించు యంత్రమొకటియు, లారీయు అద్దెకు తెచ్చి, బాలుని ఉక్కుపీపాతోడనే ఇల్లు చేర్చిరి. కొన్నివేళల విద్యుత్తు పోయెడిది. అప్పుడు తలిదండ్రులు ఇరుగుపొరుగువారి సాయము గొని పిడి పట్టి యంత్రమును నడిపెడివారు. ఆ బాలుని ఊపిరి యంత్రముమీద మాత్రమే కాక ఆ వీధిలోని మనుష్యుల చేతులమీదను ఆధారపడి యుండెను.

పాల్‌కు ఒక శిక్షకురాలు శ్వాసవిద్య యొకటి నేర్పెను. దానిని కప్పశ్వాస యందురు. కప్ప గొంతుక నాడించినట్లుగా నాలుకతోను గొంతుతోను గాలిని కొంచెముకొంచెముగా గుటకలు వేసి ఊపిరితిత్తులలోనికి నెట్టవలయును. మనకు అప్రయత్నముగ జరుగు పనిని అతడు ప్రతి గుటకకును మనసు పెట్టి చేయవలసి వచ్చెను. యంత్రము లేకుండ మూడు నిమిషము లట్లు ఊపిరి తీసినచో కుక్కపిల్ల నిత్తునని ఆమె పందెము వేసెను. సుమారు ఒక సంవత్సరము శ్రమించి పాల్ ఆ కుక్కపిల్లను గెలిచెను. మూడు నిమిషములు క్రమముగా గంటలైనవి. పగలు కొన్ని గంటలు చక్రాల కుర్చీలో వెలుపల నుండి, రాత్రి నిద్రించుటకు పీపాలోనికి పోవుచుండెను. నిద్రలో కప్పశ్వాస సాధ్యము కాదు గదా!

అతడు తరగతిగదిలో కూర్చుండకయే ఉన్నతపాఠశాల చదువు ముగించెను. వ్రాసికొనుటకు చేతులు కదలవు గనుక విన్నదానిని జ్ఞప్తియందే నిలుపుకొనెను. 1967లో తన పాఠశాల విద్యార్థులలో ద్వితీయుడుగ నుత్తీర్ణుడయ్యెను. పిమ్మట ఒక విశ్వవిద్యాలయము అతనికి ప్రవేశము నిరాకరించినను విడువక యత్నించి చేరెను. అనంతరము ఆస్టిన్ నగరమందలి టెక్సస్ విశ్వవిద్యాలయమునకు పోయి 1978లో పట్టభద్రుడయ్యెను. 1984లో న్యాయశాస్త్రపట్టము గడించెను. తన్ను నిటారుగా నిలుపునట్లు అమర్చిన చక్రాల కుర్చీలో, కోటు తొడిగికొని, న్యాయస్థానములలో కక్షిదారుల పక్షమున వాదించెను. తలిదండ్రులు గతించిన పిదపను సహాయకుల తోడ్పాటుతో తన యింట తానుండెను.

ఉక్కు ఊపిరితిత్తుల నిర్మాణ మాగిపోయి చాలకాలమైనది. చెడినచో విడిభాగములు దొరకవు. 2015లో పాల్ యంత్రము గాలి కారి పనిచేయుట మానుచుండగా, అతని స్నేహితు డొకడు సాయము కోరుచు ఒక చలనచిత్రమును లోకమునకు చూపెను. దానిని చూచి పాత యంత్రములను బాగుచేయ నెరిగిన మెకానిక్ ఒకడు ముందుకు వచ్చి దానిని చక్కపరచెను. పాల్ నోట పుల్ల పట్టుకొని దానితో అక్షరముల మీటలు నొక్కుచు అనేకవత్సరములు శ్రమించి తన జీవితచరిత్రమును వ్రాసి 2020లో ప్రకటించెను. దానికి ‘మూడు నిమిషములకు ఒక కుక్క’ అను నర్థము వచ్చు పేరు పెట్టెను. 2024 మార్చి 11వ తేదీన, 78వ యేట, దివంగతుడయ్యెను.

ఇప్పుడు వ్యాకరణమునకు వత్తము. “పాల్ ఉక్కుతిత్తితో ఊపిరి పీల్చెను.” ఇందు కర్త యెవరు? పాల్. ఉక్కుతిత్తి కరణము. “పాల్‌ను పీపాలో నుంచిరి” అన్నప్పుడో, పాల్ కర్మయై పోయెను. ఆసుపత్రిలోని తొలిదినములలో రెండవ వాక్యమే సత్యము. అతని శేషజీవితమంతయు రెండవ వాక్యమునుండి మొదటి వాక్యమునకు వచ్చుటకై చేసిన ప్రయాణమే.

ఎడ్ రాబర్ట్సు

పాల్ తన యొక్కని బ్రదుకును తన వశము చేసికొనెను. ఎడ్ రాబర్ట్సు అను మరియొకడు ఆ మార్గమును పలువురకు తెరచెను. ఇతడు కాలిఫోర్నియా రాష్ట్రమున 1939లో జన్మించెను. 1953లో, పదునాలుగవ యేట, పోలియో సోకి మెడనుండి క్రిందికి దేహము చచ్చుపడెను. ఇతనికిని ఉక్కు ఊపిరితిత్తియే శరణ్యమయ్యెను.

ఇంటికి వచ్చిన పిమ్మట రాబర్ట్సు టెలిఫోను ద్వారా తరగతిలోని పాఠములు వినుచు చదివెను. చదువు ముగియగా చిక్కొకటి వచ్చెను. వ్యాయామము, మోటారు నడపుట యను రెండు విషయములు పూర్తిచేయలేదు గనుక పట్ట మీయజాలమని పాఠశాలాధికారు లనిరి. కాలుసేతులు కదలనివాడు మోటారు నడుపుట నేర్వలేదని పట్టము నాపుట యెంత విడ్డూరము! అతని తల్లి ఊరకుండలేదు. పై యధికారులయొద్ద వాదించి కుమారునికి పట్ట మిప్పించెను.

1962లో రాబర్ట్సు బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరెను. అతని యంత్రము బరువు సుమారు 360 కిలోగ్రాములు. ఆ బరువు మోయగల గది విద్యార్థివసతులలో లేదు. తుదకు విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో ఒక గదిని వసతిగా నిచ్చిరి. తాను రోగిగా కాక విద్యార్థిగా నచట నుందునని అతడు పట్టుబట్టెను. అతని వెనుక, తీవ్రమైన అంగవైకల్యము గల విద్యార్థులు మరికొంద రచట చేరిరి. వారందరును కూడి యోచించి ఒక సంగతి గ్రహించిరి: తమకు యంత్రములు దొరికినవి, మందులు దొరికినవి; కాని ఎప్పుడు లేవవలెను, ఏమి తినవలెను, ఎచటికి పోవలెను అను నిర్ణయములు మాత్రము ఇతరుల చేతిలోనే యున్నవి.

ఆ గ్రహింపు ఫలముగ 1972లో బర్క్లీ నగరమున స్వతంత్రజీవన కేంద్రము వెలసెను. అంగవైకల్యము గలవారే దానిని నడపిరి. తగిన యిల్లు వెదకి పెట్టుట, సహాయకులను కుదుర్చుట, చక్రాల కుర్చీలను మరమ్మతు చేయుట ఆ సంస్థ పనులు. సహాయకుని ఎన్నుకొనువాడును, పని చెప్పువాడును, అక్కరలేదనిన మాన్పించువాడును సాయము పొందువాడే. ఈ యొక్క మార్పుతో కర్మగా నుండినవాడు కర్త యయ్యెను.

చదువు కాలమున రాబర్ట్సునకు ధనసహాయము కోరగా, అతని వైకల్యము తీవ్రమైనదనియు ఉద్యోగము చేయజాలడనియు కాలిఫోర్నియా రాష్ట్ర పునరావాసశాఖ మొదట నిరాకరించెను. 1975లో ఆ రాష్ట్రపు గవర్నరు జెర్రీ బ్రౌన్ ఆ శాఖకే అతనిని అధిపతిగా నియమించెను! రాబర్ట్సు 1995లో మరణించెను. అతడును అతని సహచరులును లేవనెత్తిన భావము దేశదేశములకు వ్యాపించెను. 2006లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన ఒడంబడికలో, అంగవైకల్యము గలవారు స్వతంత్రముగను సమాజముతో కలిసియు జీవించుటకు గల హక్కు ప్రత్యేకముగ వ్రాయబడినది. మన దేశము 2007లో దానిని ఆమోదించెను. మన దేశపు 2016వ సంవత్సరపు చట్టమును ఈ హక్కును గుర్తించుచున్నది.

స్వాతంత్ర్య మనగా నేమి?

స్వతంత్రు డనగా ఎవరి సాయమును కోరనివాడని పలువురు తలతురు. అది సరికాదు. అట్టివాడు లోకమున లేడు. మనము తిను అన్నము రైతు పండించినది. కట్టు బట్ట నేతగాడు నేసినది. కన్నులజోడు లేనిదే ఈ పుటలను చదువలేని తలిదండ్రు లెందరో కలరు. కన్నులజోడు పెట్టుకొన్నవానిని పరాధీనుడని మన మనము. యంత్రము పెద్దదైనంతమాత్రమున ఆ న్యాయము మారునా?

స్వతంత్రుడన్న మాటను విడదీసి చూడుడు. స్వ యనగా తనది. తంత్ర మనగా ఏర్పాటు, నడపు విధము. తన బ్రదుకు నడపు విధము తన చేతిలో గలవాడు స్వతంత్రుడు. అది పరుల చేతిలో నున్నవాడు పరతంత్రుడు. యంత్రము లేనివాడని ఈ మాటకు అర్థము లేదు. దేహమున బలము పుష్కలముగ నుండియు, తన మాట చెల్లని యింట పరతంత్రులై బ్రదుకువారు కలరు. వ్రేలు కదలకున్నను స్వతంత్రుడై బ్రదికిన పాల్ కలడు.

ఇందు మరియొక నీతియు కలదు. యంత్ర మొక్కటియే చాలదు. పాల్ యంత్రము వెనుక విద్యుత్తు కలదు. విద్యుత్తు పోయినప్పుడు పిడి పట్టిన పొరుగువారు కలరు. కప్పశ్వాస నేర్పిన గురువు కలదు. దినదినము సేవచేసిన సహాయకులు కలరు. పాత యంత్రమును బాగుచేసిన పనివాడు కలడు. వీరిలో నొక్కరు లేకున్నను ఆ బ్రదుకు సాగదు. అయినను వీరెవ్వరును ఆ బ్రదుకునకు కర్తలు కారు.

మన యిండ్లలో

ఇదంతయు దూరదేశపు కథ యని తలపవలదు. పోలియో మన దేశమును విడిచినది. 2011 జనవరిలో పశ్చిమబెంగాలునందలి హౌరా జిల్లాలో కనబడినదే తుది కేసు. 2014లో మన దేశముతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతమునకు పోలియోరహిత మను నిర్ధారణపత్రము లభించెను. ఉక్కుపీపాలును పోయినవి. కాని ఇంటిలోనే యుండి యంత్రముల సాయమున బ్రదుకువారు నానాటికి హెచ్చుచున్నారు. 2021లో కోవిడ్ వ్యాధి విజృంభించినప్పుడు ఆక్సిజన్ కాన్సెంట్రేటరను పేరు మన పల్లెలలో సైతము వినబడినది. దీర్ఘకాలము కట్టెలపొయ్యి పొగకో, బీడీపొగకో ఊపిరితిత్తులు దెబ్బతిన్న పెద్దలలో కొందరికి వైద్యులు దీనిని ఇంటిలో వాడుమనుచున్నారు.

దీని పనితీరు సులభము. మనము పీల్చు గాలిలో ఆమ్లజని సుమారు 21 వంతులు. నత్రజని సుమారు 78 వంతులు. యంత్రములోని జియోలైటను పదార్థము నత్రజనిని పట్టి యుంచి ఆమ్లజనిని విడుచును. అట్లు నూటికి తొంబదివంతులకు మించిన ఆమ్లజని సన్నని గొట్టము ద్వారా ముక్కునకు అందును. ఎంత వాడవలెనో వైద్యుడే నిర్ణయింపవలయును. ఎక్కువైనచో మేలని తలచి మీట త్రిప్పరాదు. కొందరు రోగులకు అధికమైన ఆమ్లజనియే హాని చేయును.

మేము ఒకమారు మా విద్యార్థిని యొకతె యింటికి పోయితిమి. ఆమె ఎనిమిదవ తరగతి చదువుచుండెను. ఆ యింట ఆమె అవ్వకు ఈ యంత్రమును క్రొత్తగా తెచ్చిరి. విద్యుత్తు ప్లగ్గు వంటయింటి ప్రక్కగదిలో నున్నదని అవ్వ మంచమును అచటికి మార్చిరి. అంతకుముందు ఆమె పగలెల్ల వీధియరుగుపై కూర్చుండి పోవువారిని వచ్చువారిని పలుకరించుచుండెడిది. మేము యోగక్షేమము విచారింపగా ఆమె యిట్లనెను: “గాలి వచ్చుచున్నది, అయ్యవారూ. కాని వీధి కనబడుట లేదు. నా మంచ మెచట వేయవలెనో నన్నెవ్వరును అడుగలేదు.”

ఆ యింటివారు ప్రేమలేనివారు కారు. అప్పు చేసి యంత్రము తెచ్చినవారు. కాని తొందరలో వారు అవ్వను కర్మగా చేసిరి. పైగా ఆ గది పొయ్యికి చేరువ. ఆమ్లజని తాను మండదు గాని మంటను విజృంభింపజేయును. పొయ్యి, దీపము, అగరువత్తి, బీడీ దాని దరికి రాకూడదు. కనీసము పది యడుగుల దూర ముండుట మేలు. గొట్టమును పొడిగింపవచ్చునా యని వైద్యుని అడుగుమని చెప్పితిమి. ఆయన సమ్మతింపగా పొడవైన గొట్టమును అమర్చి, మంచమును ముందుగదిలో కిటికీయొద్దకు చేర్చిరి. తరువాత మేము పోయినప్పుడు అవ్వ కిటికీలోనుండి కూరగాయలవానితో బేర మాడుచుండెను. కొలిచి చూచిన ఆమె ఊపిరి పెరుగలేదు. బ్రదుకు మాత్రము పెరిగినది.

ఆ దినమున మరియొక సంగతి గమనించితిమి. యంత్రముపై వ్రాత యంతయు ఆంగ్లములో నుండెను. దానిని మరమ్మతు చేయవచ్చువాడు తమిళము మాటలాడును. అవ్వకు చదువ వచ్చినది తెలుగొక్కటే. ఎఱ్ఱదీపము వెలిగినచో దాని యర్థమేమో ఆమెకు తెలియదు. ఆమె బాధ యేమో వచ్చినవానికి తెలియదు. తన ప్రాణమునకు ఆధారమైన వస్తువు తనకు తెలియని భాషలో మాటలాడుచున్నప్పుడు మనుష్యుడు కర్త యెట్లగును? మా విద్యార్థిని అట్టపై పెద్దయక్షరములతో తెలుగున ఒక పత్రము వ్రాసి యంత్రముప్రక్కన గోడకు అంటించెను. క్రింద అదే సంగతిని తమిళములోను వ్రాసెను. రెండుభాషల నడుమ పెరుగుట భారమని కొందరు పిల్లలు తలతురు. ఆ దినమున ఆ యింటికి అదియే వరమైనది.

అట్టి పత్రములో నుండవలసినవి ఇవి:

1. వైద్యుడు నిర్ణయించిన కొలత యెంత? రోజునకు ఎన్నిగంటలు వాడవలెను?

2. ప్రతి దీపమునకు, ప్రతి మ్రోతకు అర్థమేమి? అవి కనబడినప్పుడు, వినబడినప్పుడు మొదట చేయవలసిన పని యేమి?

3. విద్యుత్తు పోయినచో వాడవలసిన సిలిండరు ఎచట నున్నది? దానిని తెరచు విధమేమి? ఇది ఇంటిలో కనీస మిద్దరికి తెలిసియుండవలెను.

4. గాలిని వడకట్టు జల్లెడను ఎన్నాళ్లకొకసారి శుభ్రపరుపవలెను?

5. ఆపదలో పిలువవలసిన వైద్యుని, మరమ్మతువాని, పొరుగువాని ఫోను సంఖ్యలు, వానితోపాటు 108.

6. రోగి యిష్టములు: ఎచట పండుకొనవలెను, ఎప్పుడు లేవవలెను, ఎవరు సాయపడవలెను. దీనిని రోగియే చెప్పవలెను; ఇతరులు వ్రాయవలెను.

మొదటి యైదును ప్రాణమును కాపాడును. ఆరవది స్వాతంత్ర్యమును కాపాడును. సామాన్యముగ మనము మరచునది ఆరవదియే.

తలిదండ్రులకు ఒక్క మాట. మీ యింట పాఠశాలకు పోజాలని బిడ్డ యుండినచో చదువు ముగిసినదని తలపకుడు. 2012వ సంవత్సరపు సవరణ ననుసరించి, తీవ్రమైన వైకల్యమో, ఒకటికి మించిన వైకల్యములో గల బాలబాలికలు ఇంటియొద్దనే విద్య పొందుటకు మన విద్యాహక్కు చట్టమున అవకాశము కలదు. పాఠశాలకు వచ్చి యడుగుడు. టెలిఫోనుతో రాబర్ట్సు చదివినది 1950వ దశకమున. నేడు ఫోను లేని యిల్లు అరుదు. ఇంటనున్న బిడ్డకు పాఠమును వినిపించుటయు, ఆ బిడ్డ ప్రశ్నను తరగతికి వినిపించుటయు తోడివిద్యార్థులు చేయదగిన పని.

విద్యార్థులారా! ఊపిరి పోయుట యను జాతీయము మన భాషలో కలదు. ప్రాణము నిలుపుట యని దాని భావము. యంత్రము ఊపిరి పోయగలదు. కాని ఆ ఊపిరితో ఏమి చేయవలెనో నిర్ణయించు అధికారమును ఆ మనుష్యునికే విడుచుట మన పని. ఇంటిలో నెవరికైన యంత్రము వచ్చిన దినమున దాని మీటలను తెలిసికొనుటకు ముందుగా ఆ మంచముప్రక్కన కూర్చుండి, “నీ కెట్లుండవలెనని యున్నది?” అని యడుగుడు. కర్త యెవరో మరువకుడు.

అభ్యాసము

1. కొలిమితిత్తికిని ఉక్కు ఊపిరితిత్తికిని గల పోలికను వివరింపుడు. కమ్మరి చేయి చేయు పనిని మన దేహమున ఏ కండరములు చేయును?

2. ఈ వ్యాసములోని మూడు వాక్యములను గ్రహించి అందు కర్తృకర్మకరణములను గుర్తింపుడు. కర్తను కర్మగా మార్చి వ్రాసినచో భావ మెట్లు మారునో చెప్పుడు.

3. స్వతంత్రుడు, పరతంత్రుడు అను పదముల యర్థభేదమును మీ యింటిలోని ఒక నిదర్శనముతో వ్రాయుడు.

4. మీ యింటనో, పొరుగింటనో వాడుచున్న వైద్యసాధన మొకదానిని, అది చక్కెర కొలచునదైనను, రక్తపుపోటు కొలచునదైనను, పరిశీలించి, దానిని వాడువారిని విచారించి, వారికి తెలిసిన భాషలో ఒక పత్రము తయారుచేయుడు. ఆరవ యంశమును మరువకుడు.